కరెంటు వీణ పొట్టలో పగులు

నలభై ఏళ్లుగా ఒక పగులు మోస్తున్నాను. మనసు పగిలింది, గుండె పగిలింది అంటారే, ఆ రకం కాదు. నిజం పగులే. పనస చెక్కలో జానెడు పొడుగున, వెంట్రుకంత సన్నాన పడింది. ఆ పగులు తెచ్చింది నేను, పూడ్చింది నేను, దాని మీద తామర తీగె రాసి అందరిచేతా శభాష్ అనిపించుకున్నదీ నేనే. ఈ సంగతి మా ఆయనకి తెలియదు. మా అక్కకి తెలియదు. ముఖ్యంగా తెలియాల్సిన మనిషి వీరరాజు బావకి తెలియలేదు. మీకు చెబుతున్నాను. మీరెవరో నాకు తెలియదు, నేనెవరో మీకు తెలియదు. అందుకే నోరు పెగులుతోంది. పేరు మాత్రం అడక్కండి.

ముందే ఒక మాట చెప్పేస్తాను. తప్పు చేసినవాళ్లకి కంటి మీద కునుకుండదని అంటారు గదా, నాకు బాగానే నిద్ర పట్టింది. అన్నం సహించింది. పేరంటాలకెళ్లాను, పదిమందినీ నవ్వించాను. నేను ఏడుపుగొట్టు మనిషిని కాను, ఇప్పుడు ఈ నాలుగు ముక్కల కోసం కొత్తగా ఏడవలేను. మరి బరువేమిటి అంటారా? అదే నాకూ సరిగ్గా తెలియదు. బావ ఎదురుపడి "ఏమే మరదలా" అని నవ్వినప్పుడల్లా, నేను తిరిగి నవ్వడానికి ఒక్క క్షణం ఆలస్యమయ్యేది. ఆ ఒక్క క్షణమే. నలభై ఏళ్లపాటు ప్రతిసారీ.

మాది కొండపల్లి. బొమ్మల పని. మా ఆయన చెక్కేవారు, నేను మక్కు పెట్టి రంగులు వేసేదాన్ని. మక్కంటే చింతగింజల గుజ్జులో రంపపు పొట్టు కలిపి నూరిన ముద్ద. అంబారీ ఏనుగుకి తొండం అతకాలన్నా, తాడెక్కే గీత కార్మికుడికి చెయ్యి నిలవాలన్నా మక్కే. చెక్కలో పగులొస్తే అందులో మక్కు కూరి, సున్నం పూసి, రంగేస్తే బ్రహ్మదేవుడు కూడా పట్టుకోలేడు. మేం వాడేది పొణికి చెక్క. మెత్తనిది, తేలికైనది. కోసి తెచ్చాక అందులో పచ్చి పోవడానికి పొట్టు నిప్పు మీద సన్నటి సెగన కాపడం మా పద్ధతి. పుట్టిన దగ్గర్నుంచీ చూస్తున్న పని. చెక్కంటే కాపాలి, పగిలితే మక్కు పెట్టాలి, నాకు తెలిసిన విద్యంతా ఇదే.

వీరరాజు బావ మా మేనమామ కొడుకు, మా అక్కని చేసుకున్నాడు. బొమ్మల పని తనకి చాలదని బెజవాడ వెళ్లి, మైకు సెట్లు అద్దెకిచ్చే షాపులో కుదురుకున్నాడు. యుద్ధం అయిపోయింది, స్వరాజ్యం వచ్చేస్తోందని ఊరూరా మీటింగులు. మైకులకి యమ గిరాకీ. బావ హార్మోనియం కూడా వాయించేవాడు. మైకు పెట్టడానికి వెళ్లిన నాటకాల్లో హార్మోనిస్టు రాకపోతే తనే కూర్చునేవాడు. మనిషి నల్లగా, పొడుగ్గా, ఎప్పుడూ జేబులో తీగముక్కలతో ఉండేవాడు. ఆ చొక్కాలు ఉతకలేక అక్క చచ్చేది.

బావకి ఒకటే బాధ. నాటకంలో రాక్షస వేషం గద పట్టుకుని రంగం మీదికొస్తుంటే వెనకాల హార్మోనియం కుయ్యిమంటుంది. "రాక్షసుడొచ్చినట్టు లేదే, పిల్లి తప్పిపోయినట్టుంది" అనేవాడు. వీణ పెడదామంటే వెనక బెంచీలకి వినబడదు. అందుకని వీణకంటే లావు గొంతుతో, కూర్చున్న బెంచీ కింద మోగినట్టుండే వాయిద్యం ఒకటి చేయాలని పట్టుకున్నాడు. గ్రామఫోను సూది పెట్టే తలని దాని పొట్టకి బిగించాలి. ఆ తల నుంచి తీగ సెట్టులోకి, సెట్టులోంచి పెద్ద స్పీకరులోకి. ఇలాంటిది బావ ఎక్కడా చూడలేదు. అతని బుర్రలోనే పుట్టింది. విన్నవాళ్లంతా నవ్వారు. నేనూ నవ్వాను. నవ్వి, "చేద్దాం బావా, ఎందుకు చెయ్యలేం" అన్నాను.

నవ్వనిది ఒక నాటకాల కాంట్రాక్టరు గారు మాత్రమే. దసరాకి బెజవాడలో ఆడే నాటకంలో వినిపించమన్నారట. బాగుంటే తన బృందాలన్నిటికీ బావ చేతే చేయిస్తానన్నారట. ఆ మాట పట్టుకుని బావ షాపు పని మానేశాడు. అక్క మూతి ముడుచుకుంది. బావ లెక్కచెయ్యలేదు. తన చేత్తో, తన తెలివితో చేసిన వస్తువు ఒకటి లోకంలో ఉండాలని అతనికి ఎంత ఆశో, ఆ రోజుల్లో అతని మొహం చూసినవాళ్లకి తెలుస్తుంది. నేను చూశాను. అందుకే నా తప్పు చిన్నది కాదని నాకు తెలుసు.

పనస దుంగ కోసం మా ఆయనా, బావా నూజివీడు వైపు వెళ్లారు. వీణకి పనసే కావాలి, అదీ ఒంటి దుంగ. బండి మీద వేసుకుని తెచ్చారు. మా ఆయన బాడిసె పట్టుకుని కూర్చున్నారు. బొమ్మలు చెక్కే చెయ్యికి ఆ దుంగ కొండలా ఉండేది. రోజూ ఉలి పదును పెట్టుకోవడం, తిట్టుకోవడం, తొలవడం. చివరికి పెద్ద కుండంత పొట్ట తేలింది. మెట్లు నిలిపే పొడుగాటి దండి నా భుజాల ఎత్తు. అంత లావు తీగలు ఎక్కడా దొరకవని బావ తనే తయారుచేశాడు. సైకిలు తిరగేసి, వెనక చక్రానికి ఉక్కు తీగ బిగించి పెడలు తిప్పుతుంటే, నేను రాగి తీగ వేళ్ల మధ్య పట్టుకుని దాని మీద దగ్గరదగ్గరగా చుట్టించేదాన్ని. వేళ్లు కోసుకుపోయేవి. నాలుగు తీగలు కావాల్సి ఉంటే పదకొండు చుట్టాం. "మరదలా, నువ్వు మగపిల్లాడివై పుడితే నిన్ను నా షాపులో పెట్టుకునేవాణ్ణి" అన్నాడు బావ. "నీకు షాపెక్కడుంది, మానేశావుగా" అన్నాను. అంత సంతోషంగా పనిచేసిన రోజులు నాకు మళ్లీ రాలేదు. అదొక విచిత్రం, కదూ? నేను పాడుచేసిన పని తలుచుకుంటే ముందు గుర్తొచ్చేది ఆ నవ్వులే.

ఇక అసలు సంగతి. చెప్పాలి. చెబుతాను.

ఆ భాద్రపదంలో వాన ఆగలేదు. తొలిచిన పొట్ట వసారాలో నీడన పెట్టారు మా ఆయన. ముట్టుకుంటే ఇంకా చెమ్మగానే ఉంది. దసరా ముంచుకొస్తోంది. స్పీకరు తేవడానికి మా ఆయనా, బావా బెజవాడ వెళ్తూ, "పనస పొణికి లాంటిది కాదు. దానంతట అదే ఆరాలి. తొందరపడకు" అని మా ఆయన చెప్పారు. చెప్పారా? చెప్పారు. వినలేదని నన్ను నేను ఎన్నోసార్లు నమ్మించుకున్నాను గానీ, విన్నాను.

వాళ్లు తిరిగొచ్చేసరికి చెక్క ఎండుటాకులా గలగలలాడాలని నా సరదా. ఆడది తెలివైనదని అనిపించుకోవాలని కూడా. మగవాళ్లకి దసరా ఎప్పుడొస్తుందో పట్టదు, నాకు పడుతుంది, అనుకున్నాను. పొట్టు నిప్పు చేశాను. సన్నటి సెగే, నా పని నాకు తెలుసు. రెండు ఇటుకల మీద ఆ పొట్టని బోర్లించి, పక్కనే కూర్చుని ఏనుగులకి మక్కు పెట్టుకుంటున్నాను. కూనిరాగం తీస్తున్నాను కూడా.

టప్పుమంది. నిప్పులో చింతగింజ పేలిందనుకున్నాను. చూస్తే పొట్ట పక్కవాటున, దండి మొదలు నుంచి కిందికి, జానెడు గీత.

ఆ గీతకేసి చూస్తూ కూర్చున్నాను. అదెంత సేపు? ఒక పావుగంట. ఆ తర్వాత నా చేతులు వాటంతట అవే పని మొదలుపెట్టాయి. పక్కనే మక్కు ఉందిగా. లోపలినుంచి కూరాను, బయటినుంచి కూరాను, నునుపు చేశాను, ఆరబెట్టాను, సున్నం పూశాను. దాని మీద తామర తీగె రాశాను. మొగ్గలు, ఆకులు, సన్నటి నులితీగెలు. నా జన్మలో అంత బాగా ఎప్పుడూ రాయలేదు. తప్పు కప్పడానికి చేసిన పని అంత అందంగా రావడమేమిటో! మీకు తెలిస్తే చెప్పండి.

మూడోనాడు వాళ్లొచ్చారు. మా ఆయన పొట్ట మీద వేలితో కొట్టి చూసి, ఆరిందే, అన్నారు. గాలి తగిలే చోట పెట్టాను, అన్నాను. బావ ఆ తీగె చూసి, "మరదలా, ఇది వీణా, పెళ్లికూతురా?" అని చిందులు తొక్కాడు. చెప్పడానికి అప్పుడు వీలుంది. దసరా దాటినా ఫర్వాలేదనుకుంటే ఇంకో దుంగ దొరికేది. కానీ వాళ్లిద్దరూ నా తీగెని మెచ్చుకుంటున్నారు. మెచ్చుకోలు మధ్యలో ఆపి, దాని కింద పగులుంది, అని ఎలా అంటారు? మీరైతే అనేవారా? మీరు అనేవారేమో. నేను అనలేదు.

మెట్లు మైనంతో నిలబెట్టారు. తీగలు కట్టారు. మా వీధికి అప్పటికి కరెంటు లేదు, అందుకని ఉత్తినే మీటాడు బావ. గుమ్మన్నది. వీధిలోవాళ్లు వచ్చి విన్నారు. బావ కళ్లు తుడుచుకున్నాడు. పగులు పగులే గానీ, మక్కు గెలిచిందనుకున్నాను నేను.

నాటకం గవర్నరుపేటలో ఒక హాల్లో. ఆ సాయంత్రం మేమంతా కొండపల్లిలో రైలెక్కాం. వీణని గోనెపట్టాలో చుట్టి, బావ ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు. టిక్కెట్టు అడగడానికొచ్చినాయన "శవమా?" అని అడిగితే పెట్టె అంతా నవ్వింది. హాలు కిక్కిరిసి ఉంది. రంగం పక్కన, బల్బుల వేడిలో బావ, అతని ముందు వీణ, వెనక సెట్టు. నేను తెర పక్కన నిలబడి చూస్తున్నాను. బల్బులు రెండు సరిగ్గా నా తామర తీగె మీదే కాస్తున్నాయి.

రాక్షసుడొచ్చాడు. బావ మీటాడు.

నిజం చెబుతున్నాను, అలాంటి ధ్వని అప్పటిదాకా నేను వినలేదు. నా అరికాళ్లలో వినబడింది. ముందు వరసలో ఒక పెద్దాయన చుట్ట నోట్లోంచి తీసేశారు. రెండోసారి మీటాడు, మూడోసారి మీటాడు. ఒక పద్యం అయ్యింది, వన్స్‌మోర్ అన్నారు. బావ నావైపు చూసి కన్ను కొట్టాడు. ఆ పద్యం మళ్లీ అందుకున్నాక, వేడికి ఎండిన మక్కు చెక్కని వదిలేసినట్టుంది. జుయ్యిమని ఒక జీర మొదలైంది. మీటిన కొద్దీ పెరిగింది. స్పీకరులో అది ఎంత పెద్దగా వినబడిందంటే, వెనక బెంచీల్లోంచి ఎవడో, "రాక్షసుడి కడుపులో కందిరీగలు దూరాయిరోయ్" అని అరిచాడు. ఇంకేముంది. హాలు హాలంతా ఒకటే నవ్వు. రాక్షసుడు పద్యం మరిచిపోయాడు. బావ సెట్టు మీద మీటలన్నీ తిప్పాడు, తీగలు పీకి మళ్లీ పెట్టాడు. జీర పోలేదు. చివరికి స్విచ్చి ఆపేశాడు.

తెర పడ్డాక కాంట్రాక్టరు గారు వచ్చారు. కోపిష్ఠి మనిషి కాదు, నవ్వుతూనే అన్నారు. ఆ నవ్వే ఎక్కువ బాధపెట్టింది.

"ఏమిటయ్యా వీరరాజూ, మీ కందిరీగల కచేరీ?"

"సెట్టు నిన్నటిదాకా బాగుందండీ. చెక్కలో ఏదైనా లోపముందేమో చూస్తానండీ" అన్నాడు బావ.

"ఆడలేక మద్దెల ఓడన్నాట్ట వెనకటికెవడో" అని ఆయన వెళ్లిపోయారు.

బావ మోకాళ్ల మీద కూర్చుని వీణని అటూ ఇటూ తిప్పి చూశాడు. తర్వాత తలెత్తి నన్ను చూశాడు. మా ఆయన అప్పుడు సామాను సర్దిస్తున్నారు. ఇద్దరమే ఉన్నాం.

"మరదలా, నువ్వే దీని పక్కనున్నావు. నేను లేనప్పుడు చెక్కకేమైనా అయిందా? అయితే అయిందని చెప్పు, నేనేమీ అనను."

ఏమీ అనను, అన్నాడు. అన్నమాట మీద నిలబడే మనిషి. నిజంగానే ఏమీ అనేవాడు కాడు.

"చెక్కకేమవుతుంది బావా? నీ కరెంటే చూసుకో" అన్నాను.

అదీ నేను చేసిన పాపం. పగులు పొరపాటు. పొరపాట్లు ఎవరైనా చేస్తారు. ఈ మాట మాత్రం పొరపాటు కాదు. కళ్లలోకి చూస్తూ అన్నాను. అతను నమ్మాడు. "అంతేలే, నాదే ఎక్కడో తప్పింది" అని స్క్రూడ్రైవరు తీశాడు.

మర్నాటినుంచి సెట్టు విప్పడం, బిగించడం. ఎన్నిసార్లు విప్పాడో! తప్పు లేని చోట తప్పు వెతికితే ఎలా దొరుకుతుంది? చివరికి కాంట్రాక్టరు వేరే హార్మోనిస్టుని పెట్టుకున్నారు. బావ సెట్టు అమ్మేసి, పటమటలో సైకిలు రిపేరు షాపు పెట్టాడు. వీణ మా ఇంటికొచ్చింది.

అప్పటికీ నాకు నేను చెప్పుకుంటూనే ఉన్నాను, మక్కు వల్లే అని ఏం రుజువు, నిజంగానే కరెంటు తప్పేమో అని. ఒక మధ్యాహ్నం ఇంట్లో ఎవరూ లేనప్పుడు వీణకి చెవి ఆనించి లావు తీగ మీటాను. ఉత్త చెవికి అది పోల్చుకోలేనంత సన్నం, కానీ జీర ఉంది. తామర తీగె మీద బొటనవేలితో గట్టిగా నొక్కి మళ్లీ మీటాను. జీర లేదు. వేలు తీశాను, ఉంది. నొక్కాను, లేదు. అలా ఎన్నిసార్లు చేశానో. నా పగులు చెప్పేదంతా చెప్పేసింది. ఇంకో సంగతి కూడా అప్పుడే అర్థమైంది. మనిషి చెవికి ఆననంత చిన్న చప్పుడుని హాలంతటికీ వినిపించింది బావ చేసిన యంత్రం. అది అంత బాగా పనిచేసింది కాబట్టే అతను ఓడిపోయాడు.

పరుగెత్తుకెళ్లి చెప్పాల్సింది గదా? పటమట ఎంత దూరం? నేనేం చేశానంటే, పురుగు పట్టిందని చెప్పి ఆ వీణని మా ఆయన చేత ముక్కలు కొట్టించాను. ఆ ముక్కలు కాగు కింద పెట్టి నీళ్లు కాచాను. పగులున్న ముక్క ముందు పెట్టాను.

నెల తిరక్కుండానే బావ వచ్చాడు. గుమ్మంలోనే జేబులోంచి కాగితంలో చుట్టిన కొత్త గ్రామఫోను తల తీసి చూపించాడు. "ఇంకొక్కసారి చూద్దామే. మనసు ఒప్పుకోవట్లేదు. ఏదీ వీణ?" అన్నాడు. సంగతి చెప్పాను. పురుగు సంగతి. అతను ఆ తలని మళ్లీ కాగితంలో చుట్టుకుని, "పోన్లే, పనస కర్ర, నీళ్లు బాగా కాగి ఉంటాయి" అని నవ్వాడు. నేనూ నవ్వాను. అప్పుడు మొదలైంది ఆ ఒక్క క్షణం ఆలస్యం.

బావ బాగానే బతికాడు, అది మాత్రం చెప్పుకోవాలి. సైకిళ్లు బాగుచేశాడు, పిల్లల పెళ్లిళ్లు చేశాడు, భజనల్లో హార్మోనియం వాయించాడు. కరెంటు వీణ సంగతి తనే పదిమందికీ చెప్పి నవ్వించేవాడు. కందిరీగల దగ్గరికొచ్చేసరికి అందరూ పొట్టలు పట్టుకునేవారు. అందరితోపాటు నేనూ.

నాలుగేళ్ల కిందట పటమటలో ఒక పెళ్లికి ఆర్కెస్ట్రా పెట్టారు. ఒక కుర్రాడు నాలుగు లావు తీగల గిటారు మెళ్లో వేసుకుని వాయిస్తున్నాడు. దానికో తీగ, ఆ తీగ ఒక పెట్టెలోకి. ధుమ్ ధుమ్మని పందిరి రాటలు అదురుతున్నాయి. బావకి అప్పటికి డెబ్బై దాటాయి. కుర్చీ లాక్కుని ఆ పెట్టె ముందే కూర్చున్నాడు. కచేరీ అయ్యేదాకా లేవలేదు. ఆ అబ్బాయినడిగి తీగల మీద చెయ్యి వేసి చూశాడు. తిరిగొచ్చి నా పక్కన కూర్చున్నాడు. మొహం వెలిగిపోతోంది.

"అయ్యే పనేనన్నమాటే మరదలా. నాకే చేతకాలేదు" అన్నాడు.

అసూయ లేదు, బాధ లేదు. ఇన్నాళ్లకి ఒక సందేహం తీరినట్టు అన్నాడు. నా చేతిలో లడ్డూ ఉంది. అది నోట్లో పెట్టుకున్నాను. నోటినిండా లడ్డూ ఉంటే మాట్లాడక్కర్లేదు కదా. అంత నీచంగా నేను ఏ స్వీటూ తినలేదు.

మొన్న వేసవిలో బావ పోయాడు. నిద్రలో, హాయిగా. అక్క నన్ను పట్టుకుని, "మంచివాడే, కానీ పట్టింది చెయ్యలేకపోయాడని లోలోపల కుమిలిపోయాడు" అంది. అప్పుడైనా చెప్పి ఉండాల్సింది. నా కళ్లు తుడిచింది అక్కే. దానికి చెబుతానా అంటే, చెప్పలేనేమో. చెబితే నా బరువు దాని నెత్తిన పెట్టినట్టవుతుంది. ఇది వివేకమో, పాత పిరికితనమే చీర మార్చుకుందో, నాకే తెలియదు.

నన్ను క్షమించమని మిమ్మల్ని అడగను. అందులో మీరు చెయ్యగలిగిందేమీ లేదు. క్షమించాల్సిన మనిషి, అడక్కముందే ఏమీ అననన్న మనిషి, వెళ్లిపోయాడు. ఒక్క వాక్యం ఎక్కడో ఒకచోట కాగితం మీద ఉండాలి, దానికోసమే ఇదంతా రాశాను. ఇదిగో ఆ వాక్యం.

బావా, నీకు చేతనయింది. మొదటి రోజే చేతనయింది. చెక్క పగలగొట్టింది నేను.